చాటలో బియ్యం ఉన్నంతసేపు

లక్ష్మీనర్సమ్మ ఇప్పుడు బియ్యం పొద్దున్నే ఏరుతోంది. పాలవాడు వచ్చి పోగానే, వంటగదిలో గోడవైపు తిరిగి కూర్చుని, గుప్పెడు బియ్యం పళ్ళెంలో పోసుకుని, చూసీ చూడనట్టు ఏరి కడిగేస్తుంది. ఒక్క మనిషికి ఎంత కావాలి గనక. రాయి ఒకటీ అరా పంటికింద పడినా తీసి పక్కన పెట్టుకుంటుంది తప్ప ఏమనుకోదు. చాట మాత్రం అటక మీద బోర్లించే ఉంది.

మొన్నమొన్నటిదాకా అది సాయంత్రం పని. వీధిలైట్లు వెలిగే వేళకి చాట ఒళ్ళో పెట్టుకుని గడపకి వీపు ఆనించి కూర్చునేది. ఎదురుగా, మంచానికీ బీరువాకీ మధ్య మిగిలిన జాగాలో కనకరాజు నిలబడేవాడు. లుంగీ మీద తెల్లచొక్కా, దాని మీద నల్లకోటు. గొంతు సవరించుకుని వంగి దండం పెట్టేవాడు.

"జడ్జి మేడం, తమరు అనుమతిస్తే మొదలుపెడత."

"పెట్టు. జల్దీ కానియ్. పొయ్యి మీద పప్పున్నది."

అది వాళ్ళింటి కోర్టు. దానికి ఒకటే కట్టుబాటు. చాటలో బియ్యం ఉన్నంతసేపే మాట్లాడాలి. ఏరడం అయిపోయి ఆమె చాట దులుపుకుని లేచిందంటే కోర్టు లేచినట్టే. మాట సగంలో ఉన్నా సరే, మర్నాటికి వాయిదా.

ఈ ఆట ఎందుకు మొదలైందో చెప్పాలంటే కంపెనీ సంగతి నుంచి రావాలి.

కనకరాజుది మోత్కూరు దగ్గర పల్లె. మీసాలు సరిగ్గా రాని వయసులో నాచారం వచ్చి, రేకు డబ్బాలు చేసే కంపెనీలో ప్రెస్సు మిషను మీద చేరాడు. అక్కడే తల నెరిసింది. పిల్లలు కలగలేదు. దాని గురించి ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకోలేదు, రెండు గదుల ఇంట్లో సర్దుకుని బతికారు. ఒకరోజు మొదటి షిఫ్టుకి వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. ముందు ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు. మిషన్లు లోపల, మనుషులు బయట. టిఫిన్ డబ్బాలు పట్టుకుని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, ఆ గేటు ముందే తిని ఇళ్ళకి వెళ్ళారు.

లేబర్ కోర్టులో కేసు వేశారు. వకీలు ఒకసారి వస్తే నాలుగుసార్లు రాలేదు. అలా రాని ఒక వాయిదా రోజున కనకరాజు ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. తాళం వేసిన పొద్దు తాము గేటు దగ్గర ఏం చూశారో చెబుదామనుకున్నాడు. పక్కనున్న బంట్రోతు చొక్కా పట్టి లాగి, "కూసో కూసో, నీ వకీలు చెప్తడు తియ్" అన్నాడు. కనకరాజు కూర్చున్నాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. "నోరుండి మూగోన్ని అయితి నర్సమ్మా. కోర్టుల గా నల్లకోటు ఉంటేనే మనిషి. లేకుంటే బెంచీతోని సమానం."

అదే మనసులో పడిపోయింది. ఎప్పుడో ఓపెన్ యూనివర్సిటీలో కట్టి పాసైన డిగ్రీ ఉంది. దాన్ని పట్టుకుని లా ప్రవేశపరీక్ష రాశాడు. ఉప్పల్‌లో సర్కారు లా కాలేజీలో సీటు వచ్చింది. ఆ కబురు చెప్పినప్పుడు లక్ష్మీనర్సమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఈ వయసుల బడికి పోతవా? టిఫిన్ కట్టాల్నా?"

"కట్టు. మెడల వాటర్ బాటిల్ గూడ ఎయ్యి."

హెచ్ఎంటీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రి కాపలా కుదుర్చుకున్నాడు. రాత్రి అక్కడ, పగలు కాలేజీ, మధ్యలో ఇల్లు. నిద్ర అనేది కుర్చీలోనూ బస్సులోనూ దొరికినంత.

ఆ కాలేజీ తీరే వేరు. పుస్తకం బట్టీ పట్టిస్తే ఒప్పుకోరు. చదివినదాని కన్నా చేసి చూపించేది ఎక్కువ. కోర్టులకి తీసుకెళ్ళి వెనక బెంచీల్లో కూర్చోబెట్టేవారు. అర్జీలు రాయించేవారు. శనివారం వస్తే రామంతాపూర్ బస్తీలో టెంటు వేసి, వచ్చినవాళ్ళ కష్టం వినమనేవారు. ఉమాపతి సారని పెద్దాయన నేర్పిన మొదటి పాఠం కనకరాజు ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు.

"వచ్చినోళ్ళకు ముందుగాల మంచినీళ్ళియ్యాల్నంట. తాగినంక పేరడగాలె. పేరు ముందడిగితే పోలీసోళ్ళనుకుంటరంట."

"ఇది చెప్పెతందుకు కాలేజెందుకు? మా అమ్మ గూడ గిదే చెప్పింది."

"మీ అమ్మ సర్టిఫికెట్ ఇయ్యది గదా."

శనివారం టెంటు దగ్గర అతనొక కొత్త మనిషి. కొడుకు తిండి పెట్టడం లేదని వచ్చిన ముసలమ్మతో, కిరాయిదారు ఖాళీ చేయడం లేదని వచ్చిన పెద్దమనిషితో గంటలు గంటలు కూర్చునేవాడు. వాళ్ళు ఏడిస్తే తనూ కళ్ళు తుడుచుకునేవాడు. తోటి పిల్లలందరూ అంకుల్ అని పిలిచేవారు. వాళ్ళలో స్నిగ్ధ అనే పిల్ల అతనికి జోడీ. హబ్సిగూడలో ఉండే సైంటిస్టుగారి అమ్మాయి, ఆంధ్రా వాళ్ళు. లావు కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ చాక్లెట్టు.

అన్నీ బాగానే చేసేవాడు కానీ ఒక్కచోట ఓడిపోయేవాడు. కాలేజీలో మూట్ కోర్టని ఉత్తుత్తి కోర్టు నడిపేవారు. పిల్లలే వకీళ్ళు, సార్లే జడ్జీలు. ఇచ్చిన సమయం అయిపోగానే గంట కొడతారు. కనకరాజు ఏ కేసు మొదలుపెట్టినా తిరిగి తిరిగి తన ప్రెస్సు మిషను దగ్గరికే వచ్చేవాడు. గంట కొట్టినా ఆపేవాడు కాదు. "కనకరాజూ, ఇది నీ కంపెనీ కాదయ్యా, వేరేవాళ్ళ పొలం తగాదా" అని ఉమాపతి సారు అంటే పిల్లలంతా నవ్వేవారట.

అందుకే ఇంట్లో బియ్యం కోర్టు. మొదట్లో ఆమె మురిపెంగా కూర్చునేది. రాను రాను నిజంగానే వినడం మొదలుపెట్టింది. కనకరాజు కూడా గడుసువాడు. మాట ఎక్కువ మిగిలి, చాటలో బియ్యం తక్కువ మిగిలితే, మాట్లాడుతూ మాట్లాడుతూ డబ్బా దగ్గరికి నడిచి ఇంకో గుప్పెడు తెచ్చి చాటలో పోసేవాడు.

"కోర్టుకు లంచమిస్తున్నవా?"

"లంచం గాదు మేడం, సాక్ష్యం."

"గీ సాక్ష్యం రేపు పొద్దుగాల నువ్వే తినాలె సద్దన్నం."

ఇదంతా నడుస్తుండగా అసలు కేసు అక్కడ లేబర్ కోర్టులో వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది. ఆ వాయిదాలు అడిగేది వీళ్ళే. కనకరాజు తోటివాళ్ళకి ఒక్కొక్కరికీ వెళ్ళి చెప్పాడు. పాత వకీలు వద్దు, కొత్తవాడిని పెట్టొద్దు, నా చదువు అయిపోనివ్వండి, కోటు వేసుకుని నేనే మాట్లాడతాను అన్నాడు. వాళ్ళు సంబరపడ్డారు. పక్క మిషను మీద పనిచేసిన దయాకర్ అయితే, "మనోడే వకీలైతుంటే బయటోడెందుకు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ప్రతి వాయిదాకీ ఇద్దరూ వెళ్ళి, మా వకీలు వస్తున్నాడు సార్, జర టైమియ్యండి అని దండం పెట్టి వచ్చేవారు. మొదట్లో జడ్జి సరేనన్నాడు. తర్వాత్తర్వాత విసుక్కున్నాడు. చివరికి, "ఇదే ఆఖరు. వచ్చే వాయిదాకు ఎవరూ నిలబడకుంటే కొట్టేస్తా" అన్నాడు.

చదువు ఆఖరి ఏడాదిలో పడింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కనకరాజు ఇంటికి వచ్చి కోటు తీసుకోలేదు. నిలబడలేదు. వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చుని, చాటలోకి చెయ్యి పెట్టి తనూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా, గట్లున్నవ్? పానం బాగలేదా?"

తెల్లటి గింజలు కూడా తీసి రాళ్ళలో పడేస్తుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇయ్యాల సారు కార్మికుల చట్టం చెప్పిండు. ఆ కోర్టుల పనోని తరఫున తోటి పనోడే మాట్లాడొచ్చంట. కోటు అక్కర్లేదంట. వకీలే అక్కర్లేదంట."

"మరి ఆనాడు కూసోమన్నరు గదా?"

"అన్నది బంట్రోతు. ఆయనకేం ఎరుక. నాకేం ఎరుక." చేతిలో ఉన్న వడ్లగింజ పొట్టు గోటితో గీకుతూ కూర్చున్నాడు. "మొదటి దినం సంది నేను మాట్లాడొచ్చు నర్సమ్మా. నేనే ఆగుమంటి. అందరిని కూసోబెడితి. గీ కోటు కోసం."

"పోనీ, ఇప్పుడన్న ఎరుకైంది. ఆఖరు వాయిదా ఉన్నది గదా. మాట్లాడు" అంది.

అప్పటినుంచి వేరే ఊసు లేదు. గోడ మీద క్యాలెండర్‌లో ఆఖరు వాయిదా పడిన గురువారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. రోజూ సాయంత్రం అదే వాదన. కోటు మేకుకి వేలాడుతుంటే లుంగీ, బనీను మీద నిలబడి మాట్లాడేవాడు. స్నిగ్ధ కూడా రెండుమూడుసార్లు వచ్చింది. కంపెనీ వకీలు వేషం ఆ పిల్లది. మంచం అంచున కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చి, "ఆర్డర్లు ఆగిపోయాయి మేడం, కంపెనీ ఏం చేస్తుంది చెప్పండి, జీతాలు చెట్లకు కాస్తాయా" అని అడిగితే లక్ష్మీనర్సమ్మ ఏరడం ఆపి ఆలోచనలో పడింది.

"పిల్ల మాట గూడ నిజమే అనిపిస్తున్నదయ్యా."

"నువ్వెవల దిక్కే?" అని కనకరాజు ఉడుక్కున్నాడు.

"నేను బియ్యం దిక్కు."

స్నిగ్ధ మంచం మీద వెనక్కి పడి నవ్వింది. ఆ రోజు మాత్రం కనకరాజు చాటలో గుప్పెడు పోయలేదు. పోయనక్కర్లేకపోయింది. బియ్యం ఇంకా మిగిలి ఉండగానే తను చెప్పాల్సిందంతా చెప్పి, వంగి దండం పెట్టి, ఆపేశాడు. ప్రెస్సు మిషను ఊసు ఎంత కావాలో అంతే వచ్చింది. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అంకుల్, వచ్చేసింది మీకు" అంది స్నిగ్ధ. తీర్పేమిటో చెప్పమని అతను అడిగితే, పప్పు మాడుతోందని లక్ష్మీనర్సమ్మ లేచి వెళ్ళింది.

ఆ తర్వాత వారం తిరగలేదు. తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ గేటు పక్కన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కార్లు తుడిచే మనిషి లేపబోతే లేవలేదు. దవాఖానాకి తీసుకెళ్తే వాళ్ళు చెయ్యి పట్టి చూసి వదిలేశారు. గుండె అన్నారు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో లక్ష్మీనర్సమ్మకి తెలియదు. ఊరి నుంచి చుట్టాలొచ్చారు. ఇల్లు నిండింది. కాలు పెట్టే చోటు లేక, తలుపు వెనక మేకుకీ క్యాలెండర్ మేకుకీ కూడా తడి చీరలు, తువ్వాళ్ళు వేలాడేశారు. పదకొండోనాటి పెద్దదినం చేసే పని దయాకర్ నెత్తిన వేసుకున్నాడు. షామియానా తెచ్చాడు, వంటపాత్రలు తెచ్చాడు, మేకను తెచ్చాడు. కంపెనీలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తనే ఫోన్ చేశాడు. "కనకన్న మనకోసం సదివిండు. పెద్దదినానికి ఒక్కడు గూడ రాకుండ ఉండొద్దు."

ఒక్కరూ తప్పలేదు. ఘట్‌కేసర్ నుంచి, అంబర్‌పేట నుంచి, పని లేక తిరిగి పల్లెలకి పోయినవాళ్ళు బస్సులెక్కి వచ్చారు. సందు పొడుగునా బంతులు తీరి కూర్చున్నారు. కనకరాజు పేరున పిట్టకి పెట్టిన ముద్ద కాకి ముట్టేదాకా అందరూ మోరలెత్తి మేడ మీదకే చూశారు. ముట్టాక ఊపిరి పీల్చుకుని తిన్నారు. గేటు ముందు ఎండలో నిలబడిన తర్వాత అంతమందీ ఒక్కచోట కూడడం అదే. వెళ్ళేముందు ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డారు. ఆమె కూడా తలెత్తలేదు.

చుట్టాలు వెళ్ళిపోయాక, ఆరిన తువ్వాళ్ళు తీస్తుంటే క్యాలెండర్ బయటపడింది. ఎర్రసున్నా చుట్టిన గురువారం. పెద్దదినం చేసిన గురువారం. రెండూ ఒకటే.

ఆమె ఆ తువ్వాలు మళ్ళీ దాని మీదే వేసేసింది.

దయాకర్ రావడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. వచ్చినవాడు గడప బయటే నిలబడ్డాడు. లోపల అప్పటికే స్నిగ్ధ ఉంది. కాలేజీలో ఉండిపోయిన కనకరాజు టిఫిన్ డబ్బా ఇచ్చిపోదామని వచ్చింది.

"లోపలికి రా తమ్మీ" అని లక్ష్మీనర్సమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు.

"నిన్న కోర్టుకు పోయిన వదినా. తారీఖులు కనకన్ననే యాదుంచుతుండె, ఏదో కనుక్కుందామని. కొట్టేసిన్రంట. ఎవ్వలూ రాలేదని."

"అవును" అంది ఆమె.

"నీకెరుకనా?"

ఆమె క్యాలెండర్ మీది తువ్వాలు వైపు చూసింది. దయాకర్ చెంబు కింద పెట్టాడు.

"అందరొచ్చిన్రు వదినా గీడికి. ఒక్కడు ఆడ నిలబడ్డా సరిపోతుండె. నేనే పిలిస్తి. రానన్నోన్ని గూడ తిట్టి పిలిస్తి."

ఆ గురువారం స్నిగ్ధకి పరీక్ష. దయాకర్ బాబాయి వెళ్ళి ఉంటాడులే అనుకుంది. ఇప్పుడు చేతిలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, "మళ్ళీ తెరవమని అడగొచ్చు బాబాయ్. మాట్లాడాల్సిన మనిషి చనిపోయాడని కారణం చెప్పాలి. ఉమాపతి సార్‌ని అడిగితే అర్జీ రాసిపెడతారు. మీరంతా సంతకాలు పెట్టి, ఒకరు నిలబడి చెప్పాలి, అంతే" అంది.

"ఎవలు నిలవడాలె బిడ్డా?"

"మీరే."

దయాకర్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక లక్ష్మీనర్సమ్మ చూపు తిప్పుకుంది.

"నాకాడ మాటేడున్నది? ఒకడు సెక్యూరిటీ, ఒకడు ఆటో, ఒకడు మంచంల. ఒక్క దినం పని ఇడిసిపెట్టి రమ్మంటే దినాలకు వచ్చిన్రు. మళ్ళ రారు." అని, ఏదో తోచినట్టు తలెత్తాడు. "నీ సదువు ఎప్పుడైతది? నువ్వు కోటేసుకున్నంక మాట్లాడు బిడ్డా. అందాక ఆగుతం."

స్నిగ్ధ కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. "అందాక వాళ్ళు ఆగరు బాబాయ్. ఇప్పుడే అడగాలి. నేను... చదువయ్యాక మా అన్నయ్య దగ్గరికి పుణె వెళ్ళిపోతున్నాను."

"కోటు అక్కర్లేదని చెప్పిండు గదా తమ్మీ ఆయన" అంది లక్ష్మీనర్సమ్మ మెల్లగా.

"చెప్పిండు. ఆయనకు అక్కర్లేదు వదినా. మాకు కావాలె."

స్నిగ్ధ ఆమె వైపు తిరిగింది. "ఆంటీ, పోనీ మీరు రాగలరా? అంకుల్ భార్యగా అడగొచ్చు. ఆయన ఏం చెప్పాలనుకున్నారో మీకన్నా ఎక్కువ ఎవరికీ తెలీదు. రోజూ విన్నారు కదా."

నిజమే. మొదటి మాట నుంచి ఆఖరి దండం దాకా ఆమెకి కంఠతా వచ్చు. ఎక్కడ ఆగేవాడో, ఎక్కడ గొంతు తగ్గించేవాడో కూడా వచ్చు. తమరు అనుమతిస్తే, అని మనసులో అనుకుంది. నోరు తెరిచింది కూడా. ఎదురుగా మంచానికీ బీరువాకీ మధ్య జాగా కనిపించింది.

"నేను వినేదాన్ని బిడ్డా. నిలబడుడు నాకు రాదు" అంది.

దయాకర్ లేచాడు. అందరి తరఫునా చెప్పడానికే వచ్చానన్నాడు. ఇక దాని జోలికి పోవద్దని రాత్రే ఫోన్లలో అనుకున్నారట. గడప దాటుతూ ఆగి, మేకుకి ఉన్న నల్లకోటు వైపు చూశాడు. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి. స్నిగ్ధ మరికాసేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని, మెట్రో వేళవుతోందని వెళ్ళిపోయింది.

వీధిలైట్లు వెలిగాయి. లక్ష్మీనర్సమ్మ స్టూలు వేసుకుని, అతను పోయినప్పటినుంచీ అటక మీద బోర్లించి ఉన్న చాట దించింది. దుమ్ము దులిపి, ఇద్దరికి సరిపడా బియ్యం పోసింది. గడపకి వీపు ఆనించి పాత చోటే కూర్చుని, ఎదురుగా ఉన్న జాగాకేసి చూస్తూ ఏరడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. రాయికి రాయి, వడ్లగింజకి వడ్లగింజ, తీసి పక్కన పెట్టింది. అతను మొదలుపెట్టే చోట మొదలుపెట్టి, తాళం వేసిన పొద్దు, ఎండలో తిన్న టిఫిన్లు, అన్నీ వరసగా విన్నది.

చాట అంచున ఒక గుప్పెడు మిగిలింది. అతను డబ్బా వైపు నడిచే వేళ.

ఆమె చెయ్యి ఆపింది. ఏరిన బియ్యం గిన్నెలోకి తీసుకుని, మిగిలిన గుప్పెడు రాళ్ళతో సహా అలాగే ఉంచి, చాట దులపకుండా, కుదపకుండా గడప పక్కన నేల మీద పెట్టి లేచింది.

పక్క వాటాలో ఉండే రాణి చెత్త పారబోసి వస్తూ తొంగి చూసింది. "అక్కా, గుప్పెడు మిగిలినయ్, ఏరలేదేంది? చీమలు పడతయ్. నేనేరియ్యాల్నా?"

"వద్దు. ఉండనీ."

"రేపేరుకుంటవా?"

లక్ష్మీనర్సమ్మ గిన్నెలో నీళ్ళు పోసి బియ్యం కడుగుతూ, "రేపు గూడ ఏర" అంది.